పాలపళ్ళ విభాగం

“అట్ల ఆడితే ఆడినట్టు కాదురా.”

ఈ మాట నేను మా తమ్మునితో అన్నది 2021 ఎండాకాలంలో. కోవిడ్ రెండో విడత నడుస్తోంది. ఆఫీసు ఎలాగూ లాప్‌టాప్‌లోకి వచ్చేసింది కాబట్టి నేను బెంగుళూరు వదిలి, బేతంచెర్ల దగ్గరున్న మా ఊరికి వచ్చి పడ్డాను. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు, నాకంటే ఏడేళ్ళు చిన్న. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు. అంతకు రెండేళ్ళ ముందు లారీకి పలకలు ఎత్తుతుంటే ఒక వరస జారి కుడిచేతి మీద పడింది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. జాలి కోసం చెప్పడం లేదు. గేమ్ కంట్రోలర్‌కూ ఆ రెండు వేళ్ళకూ ఉన్న సంబంధం చెప్పకపోతే ఈ వ్యాసం ముందుకు పోదు, అందుకని చెబుతున్నాను.

సాయంత్రం పని ముగిశాక మిద్దె మీద మంచం వేసుకొని నేను ‘సెకీరో’ ఆడేవాణ్ణి. వాడు పక్కన కూర్చొని చూసేవాడు. వారం రోజులు చూసి, ఒకనాడు “ఇట్లియ్యినా, నేనొకసారి” అన్నాడు.

ఆడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సెకీరో 2019 మార్చిలో వచ్చింది. చేసినవాళ్ళు జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, దర్శకుడు హిదెతాకా మియాజాకి. అంతకు ముందు డెమన్స్ సోల్స్ (2009), డార్క్ సోల్స్ (2011) వీళ్ళవే. చచ్చి చచ్చి నేర్చుకోవడమే ఆ ఆటల పద్ధతి. వాటిలో కనీసం ఓపికగా తిరిగి మన పాత్ర బలం పెంచుకోవచ్చు, ఇంకో ఆటగాణ్ణి సాయానికి పిలుచుకోవచ్చు. సెకీరోలో పిలవడానికి ఎవరూ లేరు, పెంచుకోగలిగే బలమూ తక్కువే. శత్రువు కత్తి మీదికొచ్చే సరైన క్షణానికి మన కత్తి అడ్డం పడాలి. రెప్పపాటు ముందైనా, వెనకైనా దెబ్బ మనకే. ఈజీ, నార్మల్, హార్డ్ అని ఎంచుకునే మెనూ ఆటలో ఎక్కడా కనపడదు.

కథ మొదట్లోనే మనవాడి ఎడమచెయ్యి తెగిపోతుంది. నరికేవాడి పేరు గెనిచిరో. ఆ తర్వాత ఒక ముసలి శిల్పి మనవాడికి కట్టెచెయ్యి ఒకటి అమరుస్తాడు. ఆటంతా ఆ చేతితోనే. కొన్ని గంటల తర్వాత కోట మీద మళ్ళీ అదే గెనిచిరో ఎదురొస్తాడు. ఎక్కువమంది ఆట వదిలేసి లేచిపోయేది అక్కడే. నేను వాడి దగ్గర మూడు వారాంతాలు పోగొట్టుకున్నాను.

మా తమ్ముడు గెనిచిరో దాకా రావడమే నాకు ఆశ్చర్యం. కంట్రోలర్ మీద కత్తి దెబ్బకు వాడే బటన్ కుడి చూపుడు వేలి కింద ఉంటుంది. వాడికి ఆ వేలు లేదు. అందుకని దాన్ని బొటనవేలి దగ్గరున్న బటన్‌కు మార్చాం. కొట్టడం, ఎగరడం, పక్కకు తప్పుకోవడం, కెమెరా తిప్పడం, అన్నీ ఇప్పుడు ఒక్క బొటనవేలే చెయ్యాలి. నేను రెండు వేళ్ళతో ఒకేసారి చేసే పనిని వాడు ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాలి. ఆ రెంటి మధ్య పట్టే కాలం గెనిచిరోకు చాలు.

నాలుగు రోజులు చచ్చాక వాడు ఎక్కడో యూట్యూబ్‌లో చూసి వచ్చాడు. ఆట వేగాన్ని తగ్గించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉందట, దాన్ని నూటికి ఎనభై దగ్గర పెట్టుకుంటే సరిపోతుందట, నా లాప్‌టాప్‌లో వెయ్యమన్నాడు. అప్పుడు నేను ఆ మాట అన్నాను.

వాడు ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత తెర మీద ఉన్నవాణ్ణి చూపించి, “వానికి కట్టెచెయ్యి ఇచ్చినారు గదన్నా” అన్నాడు. కంట్రోలర్ నా ఒళ్ళో పెట్టి కిందికి దిగిపోయాడు.

నేను పైనే కూర్చొని ఇంకో గంట ఆడాను. సిగ్గుపడాల్సిన ఆ గంట గురించే ఇదంతా.

*

నా వైపు వాదన లేకపోలేదు. అది చిన్న వాదన కూడా కాదు, కాబట్టి దాన్ని ముందు గట్టిగానే చెప్పాలి.

గెనిచిరో దగ్గర మొదటి వారం నేను భయంతో వెనక్కి వెనక్కి పరిగెత్తేవాణ్ణి. అంతకు ముందు ఆడిన ఆటలన్నీ నాకు నేర్పింది అదే, దెబ్బ వస్తే దూరం జరుగు అని. సెకీరో దాన్ని ఒప్పుకోదు. దూరం జరిగితే గెనిచిరో బాణం వేస్తాడు. చివరికి వేరే దారి లేక వాడి ముఖం మీదికే నడిచి, కత్తికి కత్తి ఇస్తూ పోయినప్పుడు, ఏదో తాళం దొరికింది. మా ఊరి చెక్కభజనలో కొత్తగా చేరిన పిల్లవాడికి ఒకనాటి రాత్రి అడుగు దానంతటదే పడటం మొదలవుతుంది చూడండి, అట్లా. ఆట సులువుగా ఉండుంటే నేను నా పాత పద్ధతిలోనే గెలిచి, ఆ తాళం వినకుండానే పోయేవాణ్ణి. ఆ కష్టం దారికి అడ్డంగా పడున్న బండ కాదు. దారే అది.

మియాజాకి చెప్పేదీ ఇట్లాంటిదే. అందరూ ఒకే మెట్టు మీద నిలబడి ఒకే ఆట గురించి మాట్లాడుకోవాలి, అందుకే స్థాయిలు పెట్టను అని సెకీరో రాకముందు ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఇందులో నిజముంది. ‘గెనిచిరో’ అనగానే బెంగుళూరులో నా పక్క సీటు అతనూ, ఎక్కడో బ్రెజిల్‌లో కుర్రాడూ ఒకే రకంగా మూలుగుతారు. ఆ మూలుగులో ఒక బంధుత్వం ఉంది. స్థాయిలు పెడితే “నువ్వు ఏ గెనిచిరోతో ఆడావు?” అని అడగాల్సి వస్తుంది.

ఆట వచ్చిన కొన్ని వారాలకే గేమ్ పత్రికలో రాసే ఒకాయన, చివరి శత్రువును వేగం తగ్గించే ప్రోగ్రామ్‌తోనే గెలిచానని, అందుకు తనకేమీ బాధ లేదని రాశాడు. నువ్వు మోసం చేసింది ఆటను మాత్రమే కాదు, నిన్ను నువ్వే మోసం చేసుకున్నావు అని ఒకడు ట్విట్టర్‌లో ఆయనకు గంభీరంగా బుద్ధి చెప్పాడు. ఆ మాటను పట్టుకొని లోకమంతా జోకులేసింది. నేనూ నవ్వాను. రెండేళ్ళ తర్వాత మా మిద్దె మీద నేనన్నది అదే మాట, తెలుగులో.

*

మరుసటి రోజు పొద్దున చిన్నాయన అడిగాడు. “ఏమిరా, వాడు మొగం మాడ్చుకోనుండాడు?”

చిన్నాయనకు సెకీరో గురించి ఎట్లా చెప్పాలి? బండలాగుడు పోటీలతో పోల్చి చెప్పాను. ఆయనకు తెలిసిన లోకం అది. మా నాయన వాళ్ళ పొలం భాగాలు కాకముందు ఇంట్లో ఒంగోలు జాతి ఎద్దులు ఉండేవి. చిన్నాయన వాటిని తోలుకొని తిరునాళ్ళకు తిరిగినవాడు.

కర్నూలు, కడప జిల్లాల్లో పెరిగినవాళ్ళకు బండలాగుడు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: తిరునాళ్ళప్పుడు, శివరాత్రికి, ఉగాదికి, ఊరి బయట పొడుగాటి బాట చదును చేస్తారు. పెద్ద రాతిబండకు గొలుసు కట్టి ఎద్దుల కాడికి తగిలిస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగుల దూరం లాగితే దానికి బహుమతి. ఒకే బండ అందరికీ పెట్టరు. కరపత్రం తీసి చూడండి: పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, న్యూ కేటగిరీ, సీనియర్స్. ఎద్దుకు పైదవడ ముందు పళ్ళుండవు. కింది దవడలో ఎనిమిది పాలపళ్ళు, రెండేళ్ళు దాటాక జతలు జతలుగా ఊడి పెద్దపళ్ళు వస్తాయి. ఎద్దు పెదవి కిందికి లాగి చూస్తే దాని వయసు తెలిసిపోతుంది. ఆ పళ్ళను బట్టి బండ. పాలపళ్ళ కోడెలకు చిన్న బండ, సీనియర్స్‌కు టన్నుల లెక్క.

చిన్నప్పుడు నేను గమనించనిది ఒకటుంది. పాలపళ్ళ విభాగంలో గెలిచిన జతకు కూడా పసుపు, కుంకుమ, పూలదండలు, డప్పులు, ఊరేగింపు. “చిన్న బండ లాగి గెలిచినారు, అదొక గెలుపా?” అని ఎవరూ అనరు. మైకులో “పాలపళ్ళ విభాగం, ప్రథమ బహుమతి” అని విభాగంతో సహా చదువుతారు. అంతే. సీనియర్స్‌లో గెలిచిన రైతు తన పరువు పోయిందని లేచి పోట్లాడడు.

అదే ఊర్లో, అదే తిరునాళ్ళలో ఇంకో రాయి ఉంటుంది. గుండు. గుడి ముందరో, చావడి దగ్గరో పడుంటుంది నున్నగా. వయసు కుర్రాళ్ళు ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేస్తారు. దానికి విభాగాల్లేవు. బక్కోడు వచ్చినా, బలిసినోడు వచ్చినా రాయి ఒకటే. మా తాత ఎత్తిందీ అదే అంటారు. గుండు విలువే అక్కడుంది, మీ తాతా నువ్వూ ఒకే బరువును తాకారు. మియాజాకి చేసేది గుండు.

ఇంతవరకూ నాకు బాగానే ఉంది. సెకీరో గుండు లాంటిది, బండ లాంటిది కాదు, కాబట్టి నేనన్నది కరెక్టే అని చిన్నాయనకు చెప్పబోయాను. ఆయన విని, “వాడు బండ తగ్గించమన్నాడా, కాడి జరపమన్నాడా?” అని అడిగాడు.

సేద్యం తెలియని ఇంజనీరును కాబట్టి నాకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. ఆయన చేత్తో చూపించాడు. జతలో ఒక ఎద్దు కొంచెం నలతగా ఉందనుకో. మడక కాడికి తగిలించే చోటును నట్టనడిమి నుంచి కాస్త బలమైన ఎద్దు వైపు జరుపుతారు. నలత ఎద్దుకు కాడి కొస పొడుగవుతుంది, దానికి పడే భారం తగ్గుతుంది. మడక అదే, నేల అదే, చాలు లోతూ అదే. తొమ్మిదో తరగతిలో తులాదండం సూత్రం అని చదివి, ఎమ్‌సెట్‌లో మార్కులు తెచ్చుకొని, మరిచిపోయిన సంగతి. “కాడి కుదరకుంటే మెడ పుండయితాది. అప్పుడు బండ ఎంతుంటే ఏమి?” అన్నాడు.

ఒక చిన్న పక్కమాట. ఎద్దులతో ఈ పోలిక ఎంతవరకు నడుస్తుందో నాకు తెలుసు. ఎద్దు ఆడటానికి ఒప్పుకొని రాలేదు. చెర్నాకోల దెబ్బలూ, ముల్లుకర్ర పోట్లూ చూసి పెరిగినవాణ్ణి, ఆ తిరునాళ్ళను నేను మెచ్చుకోలేను. ఇక్కడ కావలసింది రైతు లెక్క మాత్రమే.

*

బండ తగ్గించడం, కాడి జరపడం. కష్టం గురించి జరిగే వాదనలు చాలావరకు ఈ రెంటినీ కలిపేసి జరుగుతాయి. ఒకరు “ఈజీ మోడ్ పెట్టండి” అంటారు. ఇంకొకరు “కళను చెడగొట్టకండి” అంటారు. మధ్యలో రంగులు తేడా తెలియనివాళ్ళు, అక్షరాలు చదవలేనివాళ్ళు, వేళ్ళు లేనివాళ్ళు నిలబడి, మేం అడిగింది అది కాదు అంటారు. వాళ్ళ మాట ఎవరికీ వినపడదు. 2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని ఒకటి తెచ్చింది. పెద్ద పెద్ద మీటలు, కాలితో నొక్కేవి, మోచేత్తో నొక్కేవి, ఏది కావాలంటే అది దానికి తగిలించుకోవచ్చు. దాన్ని చూసి ఎవరూ “ఆటను మోసం చేశారు” అనలేదు. అది కాడి అని అందరికీ చూడగానే తెలిసింది.

మరి వేగం? నూటికి ఎనభై వేగం కాడా, బండా?

ఇక్కడే నేను చాలా రోజులు తిరుగుతూ ఉండిపోయాను. పది వేళ్ళున్న నేను వేగం తగ్గించుకుంటే అది బండ తగ్గించడమే, సందేహం లేదు. గెనిచిరో కత్తికీ నా కత్తికీ మధ్య ఉన్న కాలమే కదా ఆ ఆట. మా తమ్ముడు తగ్గించుకుంటే? ఒక పని తర్వాత ఇంకో పని చెయ్యడానికి వాడి బొటనవేలికి పట్టే అదనపు కాలాన్ని ఆ ఇరవై శాతం పూడుస్తుంది. అంటే నేను పూర్తి వేగంలో ఎదుర్కొన్న గెనిచిరోను వాడు ఎనభై దగ్గరే ఎదుర్కొంటాడు. వాడికి అది కాడి. ఒకే మీట, ఒకే అంకె, నా చేతిలో బండ, వాడి చేతిలో కాడి.

ఆఫీసులో మేం చేసే యాప్‌లకు యాక్సెసిబిలిటీ పరీక్షలుంటాయి. అక్షరాల సైజు, రంగుల తేడా, చూపు లేనివాళ్ళకు తెరను చదివి వినిపించే ఏర్పాటు. వాటిని మేం ఒక జాబితాగా పెట్టుకొని టిక్కులు కొడతాం (నిజం చెప్పాలంటే విడుదలకు ముందు రోజు). అందువల్ల ఇది ఫీచర్లలో ఉండే గుణం అనుకోవడం నాకు అలవాటైపోయింది, ఫలానాది యాక్సెసిబిలిటీ, ఫలానాది సౌకర్యం, ఫలానాది చీటింగ్ అని. అట్లా మీటకు పేరు పెట్టలేం. దాన్ని తిప్పే చెయ్యి ఎవరిదో చూడాలి. చూసేది ఎవరు? తిరునాళ్ళలోనైతే పెదవి లాగి పళ్ళు లెక్కపెట్టడానికి పెద్దమనుషులుంటారు. డబ్బు బహుమతి ఉంది, పక్క జతలున్నాయి, కాబట్టి లెక్క తప్పదు. ఆ లెక్క దగ్గరే గొడవలూ ఎక్కువ. సెకీరోలో బహుమతి లేదు. పక్క జత లేదు. అది ఒంటరి ఆట, వాడు ఎంత వేగంతో ఆడినా నా ఆటలో ఒక్క గడ్డిపోచ కూడా కదలదు. అయినా నేను వాడి పెదవి లాగి పళ్ళు చూడబోయాను.

ఎందుకు చూడబోయానంటే, నా మూడు వారాంతాల ధర పడిపోతుందని. ఇంతకంటే మర్యాదైన కారణం కోసం చాలా వెతికాను, దొరకలేదు.

*

“అందరికీ ఒకే మెట్టు” అన్నదాన్ని కూడా కాస్త గిచ్చి చూడాలి. సెకీరోలో ఒక గుడి దగ్గర ఒక గంట ఉంటుంది. దాన్ని మోగిస్తే శత్రువులు మరింత బలమౌతారు, దొరికే సొమ్మూ పెరుగుతుంది. ఆట ఒకసారి ముగించి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక తాయెత్తును తిరిగి ఇచ్చేయవచ్చు. ఇస్తే, అడ్డం పెట్టిన కత్తిలోంచి కూడా దెబ్బ తగులుతుంది. అంటే బలిసినోడికి బరువు పెంచే ఏర్పాటు ఆటలోనే ఉంది. గుండు పక్కన ఇంకో పెద్ద గుండు పెట్టారు. చిన్న గుండు మాత్రం పెట్టలేదు. అందుకు మియాజాకి మీద నాకు కోపం లేదు. ఏ రాయి పెట్టాలో పెట్టేవాడి ఇష్టం. రాయి ఒకటే అని మనం ప్రచారం చేయకుండా ఉంటే చాలు.

2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో వీళ్ళే దారి మార్చారు. మెనూ అందులోనూ లేదు. కానీ ఒకచోట ఓడిపోతే వేరే దిక్కుకు గుర్రమెక్కి పోవచ్చు, బలం పెంచుకొని రావచ్చు, బూడిద చల్లి ఆత్మలను తోడుగా పిలుచుకోవచ్చు. గుండును భుజం దాకా ఎత్తలేనివాడు మోకాలి దాకా ఎత్తితే, అక్కడ ఇంకొకరు చెయ్యి వేస్తారు. ఏడాదిలో రెండు కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. ఇంకా ముచ్చటైన సంగతి, తాను ఆటల్లో ఏమాత్రం గట్టివాణ్ణి కాదని, దొరికిన సాయమల్లా వాడుకొని ఆడతానని 2024లో మియాజాకే చెప్పాడు.

అది చదివిన రోజు నాకు నా ఇంకో పాపం గుర్తొచ్చింది. ఎల్డెన్ రింగ్‌లో మలేనియా అనే శత్రువు ఉంది, అందరికంటే కఠినమైంది, మనల్ని కొట్టిన ప్రతిసారీ ఆమె గాయాలు మానతాయి. ఆమెను నేను గెలిచింది ‘మిమిక్ టియర్’ను పిలిచి. అది మన పాత్రకు అచ్చం నకలు. ఆమె దాన్ని కొడుతుంటే నేను వెనక నుంచి పొడిచాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం “ఒంటరిగా, నలభై రెండో ప్రయత్నం” అని పెట్టాను. చప్పట్ల బొమ్మలు పద్నాలుగు వచ్చాయి. సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు, ఆటే ఇచ్చింది. నేను చేసింది పాలపళ్ళ విభాగంలో గెలిచి మైకులో సీనియర్స్ అని చదివించుకోవడం. మా తమ్ముడు నా నుంచి దాచిందేమీ లేదు. వేగం ఎంత కావాలో అంకెతో సహా అడిగాడు.

*

కష్టమైన పుస్తకాల విషయంలో మనం ఇంత కర్కశంగా లేమన్నది కూడా ఆలోచించాల్సిందే. కడపలో ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం ఉంది, ఇంజనీరింగ్ రోజుల్లో ఒకటి రెండుసార్లు పోయాను. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి పాఠాలు పరిష్కరింపజేసింది తెలిసిన కథే. మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానాలు రాయించింది ఆయనే. నేను వసుచరిత్రలో కొన్ని ఆశ్వాసాలు ముప్పై దాటాక వ్యాఖ్యానం పక్కన పెట్టుకొనే చదివాను. పద్యం ఒకసారి, టీక ఒకసారి, మళ్ళీ పద్యం. శ్లేష విడిపోయినప్పుడు వచ్చే ఆ చిన్న మెరుపు నాకూ వచ్చింది, రెండు నిమిషాలు ఆలస్యంగా. టీక చూసి చదివావు కాబట్టి చదివినట్టు కాదు అని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనేవాళ్ళు ఒకప్పుడు ఉండే ఉంటారు. ఉన్నా, వాళ్ళ మాట నిలవలేదు.

టీక పద్యాన్ని మార్చదు, వేగం తగ్గిస్తే ఆట మారుతుంది కదా అని మీరనవచ్చు. అనండి. నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివినప్పుడు పద్యం నడక మారదా? మాలినీ వృత్తం ఉరుకును టీక చూసుకుంటూ నేను ముక్కలు ముక్కలు చేశాను. తర్వాత అతికించుకున్నాను. మియాజాకి కూడా చిన్నప్పుడు, పుస్తకాలు కొనే స్తోమత ఇంట్లో లేక, గ్రంథాలయం నుంచి తన చదువుకు మించిన పుస్తకాలు తెచ్చుకొని, అర్థం కాని చోట్లను బొమ్మలు చూసి ఊహతో పూడ్చుకునేవాడట. డార్క్ సోల్స్‌లో కథ అట్లా ముక్కలుగా ఉండటానికి మూలం అక్కడుందంటారు. ఆ పిల్లవాణ్ణి ఎవరైనా పట్టుకొని “అట్ల చదివితే చదివినట్టు కాదురా” అని ఉంటే?

వేరేవాళ్ళు వేరే రకాలుగా దీన్ని పరిష్కరించారు. సెలెస్ట్ (2018) అనే కొండెక్కే ఆటలో వేగం తగ్గించుకోవడానికి, అలసట లేకుండా చేసుకోవడానికి ఆటలోనే ఒక పేజీ ఉంది. దాని ముందు పెట్టిన మాటలు మొదట్లో కాస్త క్షమాపణ అడిగించుకున్నట్టు ఉండేవి. తర్వాత మార్చి రాశారు. హేడిస్ (2020)లో సాయం కోరుకుంటే దెబ్బ ఇరవై శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో రెండు శాతం తగ్గుతుంది. ఎన్నిసార్లు పడ్డావో చూసి బండ తేలికవుతుంది. సోల్స్ బాటలోనే వచ్చిన కొరియా ఆట లైస్ ఆఫ్ పి 2023లో స్థాయిలు లేకుండా వచ్చి, 2025లో వాటిని చేర్చుకుంది. ముందు గెలిచినవాళ్ళ గెలుపులు ఎక్కడికీ పోలేదు.

ఇక మిగిలింది నాలాంటివాళ్ళ సంగతి. వేళ్ళన్నీ ఉన్నాయి, కళ్ళు బాగున్నాయి, కాలం లేదు. పాప నిద్రపోయాక పదకొండింటికి గంటసేపు దొరుకుతుంది. ఇరవై ఐదేళ్ళప్పుడు చేసినట్టు మూడు వారాంతాలు ఒక్క శత్రువుకు ఇవ్వలేను. నేను వేగం తగ్గించుకుంటే అది కాడి అని బుకాయించను. బండే. తగ్గించుకుంటే నాకు ఆ తాళం దొరకదేమోనన్న భయం నిజమే, ఆ నష్టం నిజమే. దాన్ని నేనే తూకం వేసుకోవాలి. కొన్ని రాత్రులు తగ్గించుకుంటాను. కొన్ని రాత్రులు పూర్తి బరువు పెట్టుకొని, పదిసార్లు చచ్చి, పడుకుంటాను. ఎవరైనా అడిగితే ఏ విభాగమో చెబుతాను. ఆఫీసు గ్రూపులో మలేనియా సంగతి కూడా సరిదిద్ది పెట్టాను. ఎవరికీ గుర్తులేదు.

*

ఆ ఏడాది ఊరు వదిలేటప్పుడు పాత లాప్‌టాప్ తమ్మునికి ఇచ్చి వచ్చాను. ఆ ప్రోగ్రామ్ నేనే వేసిపెట్టాను, ఎనభై దగ్గర. వాడప్పటికి ఫ్యాక్టరీ పని వదిలేసి బేతంచెర్లలో జిరాక్స్ అంగడి చూసుకుంటున్నాడు. “వొద్దులేన్నా” అన్నాడు గానీ తీసుకున్నాడు. క్షమించమని నేను అడగలేదు. మా ఇళ్ళల్లో అన్నలు తమ్ముళ్ళను అట్లా అడగరు, లాప్‌టాపులిస్తారు.

రెండు నెలలు ఏ కబురూ లేదు. గెనిచిరోను ఎప్పుడు గెలిచాడో నాకు చెప్పనేలేదు. దసరా ముందు ఒక రాత్రి పన్నెండున్నరకు ఫోన్. ఎవరికేమయిందోనని గుండె ఝల్లుమంది.

సెకీరోలో లోయ అడుగున ఒక తెల్లకోతి ఉంటుంది, ఏనుగంత. గంటల తరబడి తన్నులాడి దాని తల నరికాక తెర మీద గెలిచినట్టు అక్షరాలు పడతాయి. కంట్రోలర్ కింద పెట్టి చేతులు దులుపుకుంటాం. అప్పుడు ఆ మొండెం లేచి, తన తల తాను ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో కత్తి తీస్తుంది. ఆ క్షణంలో నేను 2019లో మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను.

“ఒరే న్నా,” అన్నాడు వాడు, ఆయాసపడుతూ, “తల తెగినాంక మళ్ళ లేస్తాదని యాల చెప్పలేదు నువ్వు?”

నేను నవ్వడం మొదలుపెట్టాను. పక్క గదిలో పాప లేచి ఏడ్చింది. వాడు అటువైపు నుంచి నన్నూ, కోతినీ, జపానోళ్ళనూ వరసబెట్టి తిట్టి, “వేగం తొంబై జేసినా, దానికే ఇట్లయింది” అని, ఫోన్ పెట్టేశాడు.